ఎడమచేతి కత్తి

మా ముత్తాత అప్పలనరసింహరాజు, ఆయన తండ్రి పెదజగ్గరాజు మాడుగుల కొండల కింద ఊళ్లకు ముఠాదారులు. శిస్తు వసూలూ, తగవుల తీర్పూ వాళ్లవే. చోడవరం సంతకు మా పల్లకీ వస్తే బళ్లు పక్కకు తప్పుకునేవి. అదే చోడవరంలో నేను కాలేజీలో చరిత్ర చెప్పి, షేర్ ఆటోలో ఇంటికి వెళ్తున్నాను. అందుకు నాకేమీ నామోషీ లేదు.

దయ్యాలను నేను నమ్మను. ఇది రాస్తూ కూడా నమ్మడం లేదు. జరిగింది చెబుతాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మాడుగుల రోడ్డు పక్కన మా చెరకు తోటలో ఒక వీరగల్లు ఉంది. యుద్ధంలో పడిపోయిన దొర కోసం నిలబెట్టిన రాయి. రాయి మీద బొమ్మలు మూడు అరలుగా చెక్కి ఉంటాయి. అడుగు అరలో వీరుడు పోరాడుతుంటాడు. నడిమి అరలో అప్సరసలు అతన్ని పైకి తీసుకుపోతుంటారు. పై అరలో శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. అన్నిటికన్నా పైన సూర్యుడూ చంద్రుడూ; అవి ఉన్నంతకాలం ఇతని పేరు ఉంటుందని.

మా రాయి మీద ఆ పేరే లేదు. కానీ శిల్పి చేతిపని చూడాలి. గుర్రం మెడ తిప్పిన తీరులోనే దాని బెదురు తెలుస్తుంది. వీరుడి నడుముగుడ్డ మడతలు ఇప్పటికీ వేలికి తగులుతాయి.

చేతులు మాత్రం లేవు. చెరకు కొట్టేవాళ్లు తరతరాలుగా కత్తులు అక్కడే నూరుకున్నారు. ఆ చోటు అరిగి పళ్లెంలా నున్నగా అయిపోయింది.

ఆ వీరుడు మా పూర్వీకుడనీ, ఎడమచేత్తో కత్తి పట్టేవాడనీ మా ఇంట్లో చెప్పుకునేవారు. నేను చూసిన వీరగల్లులన్నిటి మీదా కత్తి కుడిచేతిలోనే ఉంది. మా నాన్నది ఎడమచేతి వాటం. నాదీ అంతే.

తమ్ముడు తన వాటాకు వచ్చిన ఆ తోటను లేఅవుట్ వేసే నాయుడికి అమ్మేశాడు. రాయి తీయించేస్తానన్నాడు నాయుడు. అది మా పూర్వీకుడిదని చెప్పాను.

“రుజువేటమ్మా? రాజులందరూ మీ తాతలేనా?”

ఎడమచేతి సంగతి చెప్పాను. నవ్వాడు. “సరే, ఎడం సెయ్యని తేలితే రాయీ, దాని కింద జాగా మీకే ఒదిలెత్తాను. నేకపోతే జేసీబీ ఒస్తాది.”

నా దగ్గర చదువుకున్న శారద పాత రాళ్ల మీది బొమ్మలకు కాగితం మీద అచ్చులు తీస్తుంది. ఒక ఉదయం ఇద్దరం వెళ్లాం. రాయి కడిగి, తడి కాగితం అతికించి, బ్రష్‌తో కొట్టి, సిరా గుడ్డతో అద్దింది. సిరా కాగితం పైవైపే పడుతుంది కాబట్టి బొమ్మ తిరగబడదు.

అరిగిన చోట ఒట్టి మసక రావాలి. చెయ్యి వచ్చింది. ఎడమ చెయ్యి. కత్తి పిడి చుట్టూ నాలుగు వేళ్లు, కణుపులతో సహా.

శారద కాగితం తీసి రాయి తడిమింది. నేనూ తడిమాను. నున్నగానే ఉంది.

“మేడమ్, నేనేమీ చెయ్యలేదు,” అంది.

నాయుడిని పిలిచాం. కాగితం చూశాడు, రాయి చూశాడు.

“ఏటమ్మగారూ, మీ తాతకి సెయ్యి మొలిసిందేటి?”

“మా వాళ్లు చెయ్యి చాపే రకం కాదు నాయుడూ. అందుకే ఇన్నాళ్లూ నీకు కనబడలేదు.”

“అయితే నా ముందర ఇంకోటి తియ్యండి.”

శారద తీసింది. అదే రకం కాగితం, అదే సిరా. ఈసారి అక్కడ ఏమీ రాలేదు.

“మొదటిది ఇంటికాడ గీసీసి తెచ్చీసేవు కదేటి, పిల్లా?” అన్నాడు. శారద ఏడ్చింది.

నేను మొదటి కాగితం చుట్టి చంకలో పెట్టుకున్నాను. మూడోది తీయమనలేదు. మా ఇంటి పెద్దవాళ్లు ఒకసారి చెప్పిన మాటను మళ్లీ చెప్పమని ఎవరూ అడిగేవారు కాదు.

“ఆ జాగా రేటెంతో చెప్పు నాయుడూ,” అన్నాను.

వేలికి అందని గీత రాతిలో మిగిలి ఉంటుందని మా కాలేజీలో ఒకాయన అన్నారు. మరి రెండోసారి ఎందుకు రాలేదని అడిగితే, క్లాసుకు వేళైందని లేచారు. కాగితం నా బీరువాలో ఉంది. చెయ్యి చెరగలేదు.

రాయి ప్లాట్ల మధ్య ఉన్నచోటే ఉంది. దాని కింద జాగా కొనడానికి మా ఇంటి తాతల నాటి టేకు సింహద్వారం, గడపతో సహా, అమ్మేశాను.