ఫ్రాన్సిస్ మావయ్య ముక్కు

ఫ్రాన్సిస్ మావయ్య వాసన చూడనిదే ఏదీ నోట్లో పెట్టడు. పక్కవాళ్లనీ పెట్టనివ్వడు. ఓడల్లో వంటవాడిగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలినా ముక్కు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఓ పెళ్లిలో ఆయన పప్పు వాసన చూడటం పూర్తయ్యేసరికి మా బంతి అంతా లేచి చేతులు కడుక్కుంది. పెళ్లిచూపులకి రోజలిన్ అత్తయ్యని చూడ్డానికి వెళ్లినప్పుడు కూడా అంతేనట. “టీ కప్పు ముక్కుకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. మా నాన్న నాడి సూసినాడు,” అంటుందావిడ.

2004లో ఓ ఆదివారం మధ్యాహ్నం మద్దిలపాలెంలో వాళ్లింటికి వెళ్లాను. ఓడ ఇంజినీరొకాయన ఇచ్చిన విస్కీ సీసా బల్ల మీద ఉంది.

“మామూలుది కాదురా! పొగ బాగా పట్టించి, ఆఖర్న తీపి వైను పీపాల్లో మగ్గబెట్టినారు,” అంటూ మావయ్య మూత తీశాడు.

అప్పుడే గణేష్ తోసుకుంటూ లోపలికొచ్చాడు. మావయ్య వాళ్ల వీధివాడే. స్టీల్ ప్లాంటులో క్రేను నడుపుతాడు. కరిగిన ఉక్కు నిండిన బానల్ని మనుషుల తలల మీదుగా మోసుకెళ్లే క్రేను. ఒంటి మీద డ్యూటీ చొక్కా ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మా అన్న కోటిగాడు నాన్న పడవ అమ్మేసినాడు మావా! నాకొక్క మాట సెప్పలేదు. ఓ గ్లాసు పొయ్యి. తాగేసి బస్సెక్కిపోతాను.”

“డ్యూటీకెళ్తా తాగుతావేటి బావా?” అన్నాను.

“మీరు పొయ్యకపోతే జంక్షన్లో కొట్టుంది,” అని గుమ్మం వైపు తిరిగాడు.

“కూకో. పోత్తాను,” అన్నాడు మావయ్య.

ఆయన నిజంగానే మూడు గ్లాసుల్లో పోశాడు. గణేష్ చెయ్యి చాచేలోపు ఆ గ్లాసు మీద తన అరచెయ్యి మూతలా పెట్టాడు.

“ముందు వాసన,” అని వేళ్ల మధ్య కాస్త సందిచ్చాడు. “ఏటి తగిలింది?”

“మందు వాసన. ఇటియ్యి మావా!”

“సరిగ్గా పీల్సు.”

“సేపలకి పొగెట్టినట్టుంది.”

“అదీ! ఇది కాసే దేశంలో బురదనేలల్లో కుళ్లి గట్టిపడిన మట్టిని తవ్వి, ఎండబెట్టి, కాలుత్తారు. ఆ పొగలో బార్లీ గింజలు ఆరబెడతారు. ఇంకా?”

“ఆస్పత్రి కంపు. దెబ్బకి రాసే మందు.”

“దాని ఎనకాల?”

“ఏటీ లేదు!”

“కిస్మిస్ ఉంది. ఎతుకు.”

గణేష్ వెతికాడు. తిట్టాడు. మళ్లీ వెతికాడు. చివరికి మావయ్య చెయ్యి విదిలించి గ్లాసు ఎత్తేశాడు. “నా కడుపు మండిపోతంటే కిస్మిస్సేటి మావా?”

గ్లాసు పెదవికి తగిలింది.

“ఒరే, తీపి రాకుండా తాగితే ఆ ఇంజినీరు మొహం నాను మళ్లీ సూడలేను!” అని మావయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు.

సందు చివర ప్లాంటు బస్సు హారన్ మోగింది. మళ్లీ మోగింది. గణేష్ గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టి, మావయ్య ముక్కుని నానా మాటలూ అంటూ పరుగెత్తాడు.

“పోనీ, మనం కానిద్దాం,” అన్నాను.

మావయ్య నుదుటి చెమట తుడుచుకుని, గరాటు తెచ్చి మూడు గ్లాసులూ సీసాలోకి ఒంపేశాడు.

“కాదంటే కొట్టుకి పోయీవోడురా. ఆడి క్రేను కింద ఎంతమంది ఉంటారో! ఆడికి ఆఫ్ వచ్చినప్పుడు అందరం కలిసే తాగుదాం.”

“అయితే ఈ వాసనలన్నీ నాటకమా? మరి ఆ పెళ్లి పప్పు?”

“అది నిజంగానే మాడిందిరా.”

ఆఫ్ రోజున గణేష్ వాళ్లన్నని వెంటబెట్టుకుని వచ్చాడు. పడవ అడుగు చెక్క కుళ్లిపోయిందట. చెబితే తమ్ముడు ఏడుస్తాడని కోటి చెప్పలేదట. మొత్తానికి ఇద్దరూ కలిసే ఏడ్చి వచ్చారు.

మావయ్య నలుగురికీ పోశాడు. కోటి ఓ గుక్క మింగి మొహం వికారంగా పెట్టాడు. కాసేపటికి కళ్లు విప్పార్చి పెదాలు నాక్కున్నాడు.

“ఓలమ్మా! ఆస్పత్రి తగలబడిపోతంటే లోపల ఎవడో కేకు కోసినట్టుంది మావా!”

ఫ్రాన్సిస్ మావయ్య లేచి వెళ్లి కోటిని కావలించుకున్నాడు.