అక్కకు ఏ కథ చెప్పాలి

ఈ మధ్య వచ్చిన సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథల్లో ఏవి చదవాలో చెప్పమని స్నేహితులు నన్ను అడుగుతుంటారు. అడగడమే ఆలస్యం, ఉపన్యాసం మొదలుపెడతాను. వనపర్తిలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో నాకున్న పేరు అదొక్కటే. ఒక కథలో వానను రేషన్ కార్డు మీద ఇస్తారు, తప్పక చదవండి అంటాను. ఇంకో కథలో నది ఊళ్లోకి నడిచొచ్చి, తన ఇసుకతో కట్టిన గోడలన్నీ తిరిగిమ్మంటుంది, అది చదవని బతుకూ ఒక బతుకేనా అంటాను. ఇంత వాగుడున్న నాకు మా అక్కకు ఏ కథ చెప్పాలో మాత్రం తోచలేదు.

అక్క గద్వాలలో చీరలు నేస్తుంది. షుగర్ వల్ల చూపు మసకబారుతుంటే కర్నూలు తీసుకెళ్లాను. పరీక్షలయ్యాక డాక్టరు నన్ను పక్కకు పిలిచి, చూపు నిలవదు, మహా అయితే కొన్ని నెలలు అన్నాడు. బయట బెంచీ మీద కూర్చున్న అక్క, "ఏమన్నడురా?" అంది. "మందులు వాడితే నయమైతదన్నడు" అన్నాను. నోటికి అదే వచ్చింది. బస్సులో దిద్దుకుందామనుకున్నాను. బస్సు గద్వాల చేరింది, నేను దిద్దుకోలేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వెళ్లి ఆమెకు కథలు చదివి వినిపించాను. అసలు సంగతి ఎలాగూ చెప్పలేను, కనీసం ఒక మంచి కథైనా చెబుదామని నా ఆరాటం. కొత్త కథలన్నీ తిరగేశాను. ఈ రచయితలకు ఏం పోయేకాలమో గానీ, ఒక్కటీ సుఖంగా ముగియదు. లోకం మునిగిపోతుంది, లేకపోతే యంత్రం కూర్చుని ఏడుస్తుంది. ఇన్నాళ్లూ వీటిని ఊరందరికీ అంటగట్టింది నేనే గదా అని సిగ్గేసింది.

చివరికి ఒకటి దొరికింది. ఒక ముసలామెకు యంత్రపు కళ్లు అమరుస్తారు. సగం దాకా అంతా సంతోషమే. తర్వాత ఆ కళ్లు చేసిన కంపెనీ మూతపడుతుంది. ఫలానా నెలకు మీ కళ్లు ఆరిపోతాయని వాళ్లు ఆమెకు ముందే ఉత్తరం రాస్తారు. ఆమె మిగిలిన రోజుల్లో తాను చూడాలనుకున్నవన్నీ వెతుక్కుంటూ వెళ్లి చూసుకుంటుంది. ఆ రెండో సగాన్ని మింగేయాలని నిర్ణయించుకున్నాను.

ఆ ఆదివారం అక్క మగ్గానికి కొత్త అచ్చు అతుకుతోంది. చీరకు నిలువునా సాగే పోగులన్నిటినీ కలిపి అచ్చంటారు. అయిపోయిన పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. వేల పోగులు. కళ్లకన్నా వేళ్లతో నడిచే పని కాబట్టి అక్కకు ఇంకా సాగుతోంది. నేను పక్కన కూర్చుని చదివాను. కళ్లు చక్కగా పనిచేశాయి, ముసలామె మనవరాలి పెళ్లి చూసింది, అందరూ కలిసి భోంచేశారు అని ముగించాను.

అక్క చేతులు ఆగలేదు. "ఆ పెండ్లి నువ్వు కల్పించినవ్" అంది.

"లేదక్కా, అందుల అట్లనే ఉంది."

"నాకు చెప్పకురా. పొద్దుగాల లేస్తే నా పని గిదే. అతుకు కాడ పోగు జర లావైతది, వేలికి తగుల్తది. పెండ్లి కాడికి రాంగనే నీ గొంతు గట్లనే తగిలింది. ఉన్నది ఉన్నట్టు చదువు."

చదివాను. ఉత్తరం వచ్చిన చోట అక్క చేతిలో పోగు వదిలేసింది. ముసలామె ఏమేం చూసుకుందో ఆ భాగం రెండుసార్లు చదివించుకుంది.

"డాక్టర్ మాట గూడ గిట్లనే కల్పించినవా?" అంది.

ఇంకో అబద్ధానికి నోరు తెరిచాను. కానీ డాక్టరు అన్నది అన్నట్టు చెప్పేశాను. తిడుతుందని చూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అక్క తిట్టలేదు. ముందున్న అచ్చును అరచేత్తో మెల్లగా తడిమింది. అది బూడిద రంగు నూలు. ఈసారి ఏ రంగు కావాలని నూలిచ్చి నేయించే షావుకారు అడిగితే, ఏదైనా సరే, నా కండ్లు బాగైనంక మంచిది తీసుకుంట అందట. ఒక్క అచ్చుకు మూడు చీరలు. బావ తోడు కూర్చుని అంచులు చూసుకున్నా, ఇప్పటి అక్క చేతికి అది నెలల పని. అవి మూడూ దిగేదాకా మగ్గం మీద వేరే రంగుండదు.

"ఆమెకు ముందుగాలనే చెప్పిన్రు" అంది అక్క. "నాకు గూడ చెప్పుంటే, ఈ అచ్చు పండుమిరపకాయ రంగుది అడుగుతుంటిరా."