పిన్నిగారు నేర్పిన గీతల వరస

మా పిన్నిగారు పోయారు. టీవీ ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. అప్పుడు నేను రాజోలు సెంటర్లో మందుల షాపుకి బోర్డు రాస్తున్నాను. రంగు డబ్బా అక్కడే వదిలేసి వచ్చేశాను.

మీలో చాలామంది ఆవిడని ఎరగరు. నాకూ చుట్టం కాదు, పక్కింటి వరసతో పిన్నిగారు. పద్దెనిమిదేళ్ళు సింగపూర్‌లో ఒక చైనా ముసలమ్మగారికి తోడుగా పనిచేసి, మూడేళ్ళ క్రితం తిరిగొచ్చారు. మా వాళ్ళు పరాయి దేశాల నుంచి సెంటు సీసాలు తెస్తారు. ఈవిడ కుంచె కలం, చైనా అక్షరాలు తెచ్చుకున్నారు. ఆ ముసలమ్మగారు ఒకప్పుడు బడిపంతులమ్మట, వంటింటి బల్ల మీద నేర్పిందట. తొంభై ఏళ్ళావిడకి చెవులు వినబడవు, ఫోన్లో మాట్లాడే వీల్లేదు. అందుకని పిన్నిగారు నెలకో ఉత్తరం రాసేవారు.

కిందటేడు ఆవిడ కుడిచేతికి వణుకు పట్టుకుంది. నన్ను పిలిచారు.

"అబ్బాయ్, ఊరందరికీ బోర్డులు రాస్తావు కదా, నా ఉత్తరం రాసిపెడతావా? నా చెయ్యి పోయిందని ఆవిడకి తెలీకూడదు. బెంగెట్టుకుంటారు."

"ఆయ్, దానికేముందండీ పిన్నిగారూ," అన్నాను.

పొగరు. ఇరవై అయిదేళ్ళుగా రాస్తున్నవాణ్ణి, నాలుగు గీతలు నాకో లెక్కా అనుకున్నాను. పాత నోటుబుక్కులో ఉత్తరానికి కావలసిన ఒక్కో అక్షరాన్నీ వేలితో చూపిస్తూ, గీతలకో వరస ఉందని చెప్పారు. అడ్డగీత ముందు, నిలువుగీత తర్వాత. గడి లోపల ఏదైనా ఉంటే గడి అడుగు గీత అన్నిటికన్నా చివర. "ఇంట్లోవాళ్ళందరూ వచ్చేక కదయ్యా తలుపేస్తాం," అన్నారు. తలూపి ఇంటికొచ్చి, బోర్డు పద్ధతిలోనే అంచులు గీసి లోపల నలుపు నింపాను. అచ్చు గుద్దినట్టు వచ్చాయి. ఆవిడకి చూపించకుండానే పోస్టు చేసేశాను.

మూడు వారాలకి జవాబొచ్చింది. పిన్నిగారు చదువుతూ ఆగిపోయారు.

"ఏం రాసేరండీ?"

"ఇది నీ చెయ్యి కాదు, నీకేమైందీ, నిజం చెప్పు అంటున్నారు. ఆ బెంగతో ఆవిడ అన్నం సరిగా తినట్లేదంట. కుంచె ఎక్కడ ఆనిందో, ఎక్కడ లేచిందో సిరా చెప్పేస్తది అబ్బాయ్. నువ్వు అక్షరం రాయలేదు, గోడకి సున్నం కొట్టేవు."

తిట్టినా బాగుండేది. కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మణికట్టు బెణికింది, తగ్గాక రాస్తానని ముసలమ్మగారి కొడుక్కి అమ్మాయి చేత మెసేజ్ పెట్టించారు. ఆరు నెలలు రోజూ సాయంత్రం వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. వణికే వేళ్ళు నా వేళ్ళ మీద వేసి తోసేవారు. "తెలుగు రాసి రాసి నీ చెయ్యి గుండ్రంగా తిరిగిపోతంది. మలుపు దగ్గర ఆగు. ఊపిరి తీసుకో," అనేవారు. తప్పు రాసిన కాగితం చింపనిచ్చేవారు కాదు. దాని పక్కనే మళ్ళీ రాయించేవారు. వరస తప్పితే ఒక్క మూలుగు, అంతే. నా సొంత తల్లి కూడా నా మీద అంత ఓపిక పట్టలేదు.

చివరికి ఉత్తరం తయారైంది. ఆవిడ దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఈసారి కనిపెట్టలేరు," అన్నారు.

ఆ తర్వాత పది రోజులకే పోయారు.

పెద్దకర్మ నాడు జవాబొచ్చింది. కవరులో నేను రాసిన ఉత్తరమే తిరిగొచ్చింది, దాదాపు ప్రతి అక్షరం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. మా బళ్ళో ఎర్ర సున్నా అంటే ఏమిటో మీకూ తెలుసు. మళ్ళీ దొరికిపోయాననుకున్నాను. అడుగున ఆ కొడుకు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాశాడు. అమ్మాయి చదివి చెప్పింది.

"బాగా కుదిరిన అక్షరాలకి వాళ్ళమ్మ సున్నా చుడతారంటండీ. నీ చెయ్యి బాగుపడిందని అమ్మ ఇవాళ రెండు గిన్నెలు అన్నం తింది, వచ్చే నెల ఉత్తరం కోసం ఇప్పట్నుంచే ఎదురు చూస్తోంది, అని రాసేరండీ."

వినాల్సిన మనిషి లేరు. వచ్చే నెల ఏం రాయాలో నాకు తెలియడం లేదు. ఏడుపు ఆపుకోలేక గోడవైపు తిరిగాను. అమ్మాయి ఆ కాగితం తీసుకెళ్ళి, విస్తరి పక్కన, ఎర్ర సున్నాలు వాళ్ళమ్మకి కనబడేలా ఫోటో వైపు తిప్పి పెట్టింది.