సీసాకి హారతి

నా చిన్నప్పుడు చోడవరంలో నా ముక్కుకున్న పేరు నాకు లేదు. రోలుగుంటలో ఎవరి పొయ్యి మీద బెల్లం పాకానికొచ్చినా మా వీధరుగు మీద కూర్చుని చెప్పేసేదాన్ని. మాడుగులలో హల్వా బస్సెక్కిందంటే, బస్సు కన్నా ముందు ఆ కబురు నా ముక్కుకి చేరేది. ఇందులో ఆవగింజంత అబద్ధం ఉంటే ఉండొచ్చు. తక్కినదంతా నిజం.

అంతటి ముక్కుని వెంటబెట్టుకుని బడిలో సైన్సు గదిలోకి మొదటిసారి అడుగుపెట్టాను. పంతొమ్మిదివందల యాభైల్లో ఆడపిల్ల ఆ గదిదాకా రావడమే ఓ దండయాత్ర. మా నాయనమ్మ ఒక్క షరతు మీద ఒప్పుకుంది: ఒంటిమీద చిన్న గీత పడినా చదువు అక్కడితో సరి.

మాస్టారు బల్ల మీద ఓ సీసా పెట్టి, వాసన గురించి ఏదో చెప్పబోతున్నారు. నేను ఆగితేగా! మూత తీసి, సీసా మూతిలో ముక్కు పెట్టి, రెండూళ్ళకి సరిపడా పీల్చాను.

అది అమ్మోనియా. ఏనుగొకటి ముక్కులోంచి దూరి నడినెత్తిన లేచి నిలబడింది. కళ్ళల్లో శారదా నది పొంగింది. మాస్టారు నన్ను ఒక్క అంగలో వరండాలోకి లాక్కుపోయి, గాలికి కూర్చోబెట్టి, కుండెడు నీళ్ళతో కళ్ళు కడిగారు. ఆయన చేతులు వణుకుతున్నాయి.

పండుమిరపకాయల్లాంటి కళ్ళతో ఇల్లు చేరాను. నాయనమ్మ నా పుస్తకాల సంచీ అటకెక్కించేసింది. సీసా రప్పించిన ఏడుపు ఆ సంచీ రప్పించిన ఏడుపు ముందు ఏ మూలకి!

మర్నాడు నాయనమ్మ నన్ను వెంటేసుకుని సరాసరి సైన్సు గదిలోకే నడిచింది.

"ఏటి బాబూ, సదువు సెప్తారని గుంటని పంపితే కళ్ళు కాల్సి పంపుతారేటి?"

"తప్పు నాదేనమ్మా," అన్నారు మాస్టారు. "సీసా చూపించే ముందే వాసన చూసే పద్ధతి చెప్పాల్సింది."

తప్పెవరిదో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నేను తల దించుకున్నాను.

ఆయన సీసాని ముఖానికి దూరంగా పట్టుకుని, రెండో చేత్తో గాలిని మెల్లగా తనవైపు తోసుకున్నారు. "హారతి కళ్ళకద్దుకుంటాం చూడండి, అలాగ. వాసన దగ్గరికి మనం పోకూడదమ్మా. చేత్తో పిలిస్తే అదే వస్తుంది, కావలసినంత."

తరవాత నాయనమ్మ వంతు. తలమీద కొంగు కప్పుకుని, మహా భక్తిగా గాలిని ముక్కుదాకా రప్పించి, అలవాటుకొద్దీ కళ్ళకి కూడా అద్దుకుంది. లెంపలేసుకుంటుందేమోనని భయపడ్డాను.

"ఓలమ్మ! ఇది మా గొడ్లసావిడి వాసనే! దీనికి సీసా ఎందుకు బాబూ?" అని పకపకా నవ్వి, నావైపు తిరిగింది. "ఒసే, హారతి పళ్ళెంలో ఎవులైనా మూతి పెడతారేటే?"

పెట్టరని తలూపాను.

"మరైతే బుద్దిగా సదూకో."

ఆ సాయంత్రం సంచీ అటక దిగింది.

ఇప్పటికీ పాలు విరిగాయని అనుమానమొచ్చినా, పేరు తెలియని సీసా చేతికొచ్చినా ముక్కు వెనక్కి తగ్గి చెయ్యి ముందుకెళుతుంది. అమ్మ గిన్నెకి హారతిస్తోందని మా పిల్లలు వెక్కిరిస్తారు. వెక్కిరించనీండి. నా చెయ్యి అలా గాలిలో ఆడినప్పుడల్లా, నా కళ్ళు కడుగుతూ వణికిన ఆ చేతులే గుర్తొస్తాయి.