అరువు గిన్నెల బురుల్ నానమ్మ

మా బురుల్ నానమ్మకు సొంత గిన్నె అంటే గిట్టేది కాదు. వేసవి సెలవులకు మేం బిష్కెక్ పట్నం నుంచి కొండ మీది పచ్చికకు చేరేసరికి గుడారం గుమ్మంలోనే ఉండేది. మమ్మల్ని దగ్గరకు లాక్కుని, మా నెత్తిన ముద్దుగా వాసన చూసి, వెంటనే పని పురమాయించేది.

"వచ్చావా బంగారం! పరిగెత్తు, ఆ గుడారానికెళ్ళి ఓ గిన్నె అడిగి పట్రా."

"గిన్నె ఎందుకు నానమ్మా?"

"ఎందుకంటావేమే? పోసుకోడానికి!"

మా గుడారంలో గిన్నెలకు కరువా? దొంతర్లు దొంతర్లు ఉండేవి. కానీ ఒకటి తన పెళ్ళినాటిదట, ముట్టుకోకూడదు. ఇంకోదాని మొహం చూస్తే పాలు విరుగుతాయట. గుర్రాలెక్కుదామని, వాగులో ఆడదామని ఎన్నో అనుకుని వచ్చిన నేనూ మా అక్క ఐజానూ సెలవులంతా గిన్నెలు మోసేవాళ్ళం. పచ్చికలో ఉన్న కుక్కలన్నీ మాకు అలవాటుపడి మొరగడం మానేశాయి. ఇప్పుడు ఆ పరుగుల కోసమే ప్రాణం కొట్టుకుంటుంది. అప్పుడు మాత్రం తిట్టుకునేవాళ్ళం.

గిన్నె ఇవ్వడానికి ఎవరూ గునిసేవాళ్ళు కాదు. తెచ్చుకున్న గిన్నెను ఖాళీగా తిప్పి పంపితే మా కిర్గిజుల్లో ఇంటికే తలవంపులు. అందుకని తిరిగి వెళ్ళేటప్పుడు దాన్నిండా మీగడో, నూనెలో వేయించిన బోర్సోక్ పిండిముక్కలో, పులిసిన గుర్రప్పాల కుమిస్సో ఉండేది.

నాకు అంతుబట్టనిది ఒకటే. నానమ్మ మమ్మల్ని అందరికంటే ఎక్కువసార్లు పంపేది ఇంకో గుడారంలో ఉండే ఉల్కాన్ పిన్ని దగ్గరికి. భర్త పోయాడు, ఉన్న గుర్రాలూ చలికాలంలో చచ్చిపోయాయి. ఇద్దరు పసిపిల్లలతో ఎవరివో గొర్రెలు కాస్తూ బతుకుతోంది. ఉన్న నాలుగు గిన్నెలూ మేమే లాక్కొస్తే వాళ్ళు దేంట్లో వండుకుంటారు?

"ఆ గిన్నెలో మీగడ మందంగా కడుతుందే" అనేది నానమ్మ.

నాకు నమ్మకం కుదరలేదు. ఆ గిన్నెలోనూ మా గిన్నెలోనూ ఒకే పాలు పోసి, పక్కపక్కన పెట్టి, కాపలా కూర్చున్నాను. రెండింట్లోనూ మీగడ ఒకేలా కట్టింది.

"చూశావా నానమ్మా, తేడా ఏం లేదు!"

"నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే ఎలా కడుతుందే? సిగ్గుపడింది."

మిర్బెక్ బాబాయికి మాత్రం ఈ అరువుల గోలతో తల తీసేసినట్టుండేది. "అమ్మా, ఇంత మంద పెట్టుకుని మనం గిన్నె లేనోళ్ళమని పేరు తెచ్చుకున్నాం!"

"అననీరా. దాంతో గిన్నెకు చిల్లు పడదుగా."

ఒకరోజు బాబాయి కింద బజారుకు వెళ్ళి, పెద్ద గోనెసంచి నిండా ఎనామిల్ గిన్నెలు తెచ్చాడు. అందరికీ కనబడేలా గుడారం ముందు గడ్డిలో పరిచాడు. ఆడవాళ్ళంతా చూడ్డానికొచ్చారు. ఉల్కాన్ పిన్ని కూడా వచ్చింది.

"బాగున్నాయి పెద్దమ్మా. ఇక మా గిన్నెతో మీకు పనుండదు" అని నవ్వబోయింది.

చంకలో ఉన్న చిన్నకూతురు "అయితే మనకు మీగడ రాదా అమ్మా?" అంది. పిన్ని ముఖం ఎర్రబడింది. గబగబా వెళ్ళిపోయింది.

నానమ్మ బాబాయి మీద విరుచుకుపడింది. "ఎవడడిగాడ్రా నిన్ను?"

"నీకోసమేనమ్మా!"

"నాకోసమా! మొన్న వసంతంలో నువ్వు పిండి బస్తా ఇస్తే ఉల్కాన్ ఏం చేసింది?"

"తెచ్చి మన గుమ్మంలోనే పెట్టేసింది."

"మరి? ఊరికే ఇస్తే పుచ్చుకునే మనిషి కాదురా. తన గిన్నెలో పెట్టి పంపితే మాత్రం పద్ధతి కాబట్టి కాదనలేదు. ఆ దారి కాస్తా మూసేశావు. ఆ పిల్లలిప్పుడేం తింటారు?"

ఇన్నాళ్ళూ నేను మోసిన బరువేమిటో అప్పుడు తెలిసి, నానమ్మను వాటేసుకోవాలనిపించింది. ఆవిడకు అంత తీరిక లేదు.

"పిల్లలూ! ఈ కొత్తవన్నీ తలో గుడారానికీ అరువిచ్చేసి రండి. పాతవి కూడా పట్టుకెళ్ళండి."

"వాళ్ళు అడగలేదు కదా నానమ్మా?"

"అడగకపోతే నాదా తప్పు? గుమ్మంలో పెట్టేసి పారిపోయి రండి!"

సాయంత్రానికి మా గుడారంలో టీ తాగడానికి గిన్నె లేదు. బాబాయి గరిటెతో తాగుతూ కూర్చున్నాడు. నానమ్మ ఆ దృశ్యాన్ని తృప్తిగా చూసి, తలగుడ్డ సర్దుకుని, ఈసారి తనే బయల్దేరింది. నేను వెంటపడ్డాను.

"ఏం చెప్పమంటావే ఉల్కాన్" అంది గుమ్మంలో నిలబడి దీనంగా. "ఆ కొత్తవన్నీ ఎవరెవరో ఎగరేసుకుపోయారు. ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. నీ చిన్న గిన్నె ఓసారి..."

పిన్ని ఆవిడ కళ్ళలోకి కాసేపు చూసింది. లోపలికి వెళ్ళి, తమ ఇంట్లో అన్నిటికంటే పెద్ద కుండను రెండు చేతులా ఎత్తుకొచ్చి నానమ్మకు అందించింది.

"సెలవులకొచ్చిన పిల్లలతో ఇల్లు నిండుగా ఉంది కదా పెద్దమ్మా, చిన్నది మీకేం సరిపోతుంది? ఇది పట్టుకెళ్ళండి" అంది, పెదవి బిగపట్టి.

నానమ్మ కూడా నవ్వు దిగమింగుకుని కుండ అందుకుంది.

"గడుసుది! దీన్ని నింపాలంటే గుర్రాలన్నీ పితకాలే" అని దారంతా సణుగుతూనే, నేను పరిగెడితే తప్ప అందనంత వేగంగా నడిచింది.