జంతిక విరిగిన చప్పుడు

ఆ ఆదివారం సాయంత్రం మా అమ్మాయి హారిక జంతిక నములుతూ నములుతూ ఆగిపోయి, కింది దవడను చేత్తో పైకి పట్టుకుంది. తప్పు జంతికదే అనుకున్నాం. మా ఆవిడ చేసే జంతికలు మామూలువి కావు. ఫ్లైఓవర్ స్తంభాల్లో ఇనుము బదులు వేసినా నిలబడతాయి. "పిండి కాస్త గట్టిపడిందిలే" అందావిడ, పెళ్ళయ్యాక మొదటిసారి ఒప్పుకుంటూ. హారిక నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. నవ్వు ఆగడానికి జంతికతో సంబంధం ఉండదని నాకు అప్పుడు తట్టలేదు.

మేం కాకినాడ నుంచి వచ్చి నిజాంపేటలో స్థిరపడ్డవాళ్ళం. హారికకి ఇరవై మూడేళ్ళు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. మా ఇంటి నుంచి ఆ ఆఫీసుకు వెళ్ళే ట్రాఫిక్‌లో, బయల్దేరేటప్పుడు గీసుకున్న గడ్డం చేరేసరికి మళ్ళీ పెరుగుతుంది. అందుకని సాయంత్రాలు తన రెప్పలు వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా అలసట అనే అనుకున్నాం.

పళ్ళ డాక్టరు పళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నారు. కళ్ళ డాక్టరు దగ్గరికి పొద్దున్నే వెళ్ళాం. ఆ వేళకి రెప్పలు చక్కగా తెరుచుకునే ఉన్నాయి. "నార్మల్. స్క్రీన్ టైమ్ తగ్గించుకోండి" అని చుక్కల మందు రాశారు. మేం కొన్న సీసాలతో అరెకరం వరి పండించవచ్చు. రెప్పలు మాత్రం ప్రతి సాయంత్రం షట్టర్లలా దిగుతూనే ఉన్నాయి.

ఇంతలో ఆఫీసులో గొడవ మొదలైంది. సాయంత్రం అమెరికా క్లయింటుతో వీడియో కాల్ ఉంటుంది. దాన్ని రికార్డు చేస్తారు. టీమ్ లీడ్ శ్రీకాంత్ ఒకరోజు ఆ రికార్డింగ్ పంపించి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"హారికా, గిట్ల కాల్‌ల నిద్రపోతే ఎట్ల? క్లయింట్ ఏమనుకుంటడు? వచ్చే నెల నీ కన్ఫర్మేషన్ ఉంది, నేనేం రాయాలె చెప్పు."

హారిక కాల్ ముగించింది. రికార్డింగ్ పెట్టి నాకు చూపించింది. మొదట్లో కళ్ళు పెద్దవిగా ఉన్నాయి. మాట్లాడేకొద్దీ ఎడమ రెప్ప దిగింది, తర్వాత కుడిది.

"నాన్నా, సరిగ్గా చూడు. కళ్ళు మూతలు పడ్డాయి కానీ నేను మాట్లాడుతూనే ఉన్నాను."

నిజమే. నిద్రలో మాట్లాడేవాళ్ళు మా వంశంలో చాలామందే ఉన్నారు. సర్వర్ ఎందుకు ఆగిపోయిందో కారణాలతో సహా వివరించినవాళ్ళు మాత్రం లేరు.

ఆ వీడియో పట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. నేను జంతికల తయారీ విధానం నుంచి మొదలుపెట్టాను. డాక్టరుగారు చెయ్యెత్తి, "జర ఆగండి సార్. ముందు వీడియో చూస్త, తర్వాత అమ్మాయి చెప్తది" అన్నారు. చూశాక హారికను కాసేపు రెప్పవాల్చకుండా పైకి చూడమన్నారు. ఎడమ రెప్ప జారింది. చేతి గ్లౌజులో ఐసు ముక్కలు వేసి ఆ కంటి మీద పెట్టించారు. తీసేసరికి రెప్ప పైకి లేచి ఉంది. నేను కుర్చీలోంచి లేచాను.

"మయస్థీనియా గ్రావిస్ లాగుంది. నరం చెప్పిన మాట కండరానికి సరిగ్గ చేరదు. వాడేకొద్దీ అలసిపోతది, రెస్ట్ ఇచ్చినా, చల్లగ తగిలినా తిరిగొస్తది."

నర్వ్ స్టిమ్యులేషన్ టెస్టు, యాంటీబాడీ టెస్టు అదే తేల్చాయి. ఈ జబ్బున్న కొందరికి ఛాతీలో గడ్డ ఉంటుందట, సీటీ స్కాన్‌లో అదేమీ లేదు. నరం మాట కండరానికి చేరేలా పైరిడోస్టిగ్మిన్ మాత్రలు, తర్వాత స్టెరాయిడ్స్ మొదలుపెట్టారు. "పూర్తిగ పోతదని చెప్పను. కంట్రోల్‌ల ఉంటది. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ఈ పేరు ముందు చెప్పాలె" అన్నారు.

శ్రీకాంత్‌కి విషయం వివరించడానికి నేను తయారయ్యాను, ఇస్త్రీ చొక్కాతో సహా.

"వద్దు నాన్నా. నువ్వు చెప్తే నాకు ఇంకో నాలుగు జబ్బులు కలుస్తాయి. నేనే చెప్పుకుంటా."

మాట స్పష్టంగా ఉండే వేళ చూసుకుని, పొద్దున వెళ్ళి చెప్పింది. అతను, "నాకు ఎరుకలేదమ్మా. నేను నిద్ర అనుకున్న. కన్ఫర్మేషన్ మీటింగ్‌ల నేను మాట్లాడ్త, కానీ పని నువ్వు చూపియ్యాలె" అన్నాడట.

అంతా చక్కబడుతోందనుకునే సమయంలో జలుబు చేసింది. ఇంత చిన్న జలుబుకి అంత పెద్ద పేరు ఎందుకని, ఆఫీసు దగ్గర క్లినిక్‌లో హారిక జబ్బు సంగతి చెప్పలేదు. ఈ జబ్బున్నవాళ్ళకు పడని యాంటీబయాటిక్ రాశారు. రెండో రోజుకి మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చాయి. పడుకుంటే ఊపిరి ఆడలేదు. ఐసీయూలో చేర్చాం. ఈ పేరాలో నేనేమీ పెంచి రాయడం లేదు.

ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు సెలైన్‌లా ఎక్కించారు. వెంటిలేటర్ మంచం పక్కనే సిద్ధంగా ఉంచారు. డాక్టరుగారు వచ్చినప్పుడల్లా ఒక్క గుక్కలో ఒకటి నుంచి లెక్కపెట్టమనేవారు. హారిక ఎనిమిది దగ్గర ఆగింది. నా నోట్లోంచి "తొమ్మిది" వచ్చేసింది.

"మీది కాదు సార్, అమ్మాయి ఊపిరి కావాలె నాకు."

తర్వాతి రోజుల్లో నోరు మూసుకుని నిలబడ్డాను. ఎనిమిది పన్నెండయింది, పన్నెండు ఇరవై దాటింది. వెంటిలేటర్ వాడకుండానే వెనక్కి తీసుకెళ్ళారు.

ఇప్పుడు హారిక ఉద్యోగం ఖాయమైంది, కాకపోతే సెలవు వల్ల కొంచెం ఆలస్యంగా. కాల్‌లో తన వంతు మొదటే వస్తుంది. మధ్యలో మాట ముద్దయితే ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ మొదలుపెడుతుంది. వాళ్ళు ఆగుతారు. ఇంట్లో నేనూ ఆగుతున్నాను. తన వాక్యం నేను పూర్తి చేయకుండా ఉండటానికి పడే అవస్థకు కూడా ఏదైనా మాత్ర ఉంటే బాగుండును. కొన్ని సాయంత్రాలు మాత్ర వేసుకున్నా రెప్ప జారుతుంది. ఆ రోజు పని అక్కడితో ఆపేస్తుంది.

నేను చెప్పేది ఒక్కటే. ఒంట్లో తేడా డాక్టరు అపాయింట్‌మెంట్ టైముకే కనిపించాలని లేదు. అది కనిపించిన క్షణంలోనే ఫోన్‌లో వీడియో తీసి, దాన్ని చూపించండి. ఇంట్లో నాలాంటి వర్ణనకారుడు ఉంటే మరీ తప్పనిసరి.

ఇది చదివి మా ఆవిడ, "ఏవండీ, నా జంతికల పరువు తీశారు" అంది. పిండిలో వెన్న మాత్రం కొంచెం పెంచింది. పొద్దున మాత్ర పనిచేయడం మొదలయ్యాక హారిక డబ్బా మూత తీస్తుంది. పక్కగదిలో నేను పేపరు అడ్డం పెట్టుకుని వింటూ కూర్చుంటాను. కరకర మొదలై, మధ్యలో ఆగి, మళ్ళీ వినిపించేదాకా పేజీ తిప్పను.