మలకీ గారి నాలుగో సెక్షను

మలకీ కన్సిడైన్ గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. తాగినవాడు కనబడితే చట్టం చెప్పకుండా ఉండలేరు. కసురుకోరు, పిల్లలకు ఎక్కాలు నేర్పినంత ఓపికగా చెబుతారు. ముప్పై ఏళ్లు కోర్టు గుమాస్తాగా చేసి ఈ మధ్యే రిటైరయ్యారు గానీ, పబ్లిక్ ఆర్డర్ చట్టం నాలుగో సెక్షను ఆయన నోట్లోంచి రిటైరవలేదు. మేనకోడలి పెళ్లిలో పెళ్లికొడుకు మూడో గ్లాసు ఎత్తగానే లేచి, హోటలు తోట బహిరంగ స్థలం కిందికి వస్తుందా రాదా అని ఇరవై నిమిషాలు వివరించారు. కేకు కోయడం ఆ తర్వాతే.

ఐర్లండులో క్లేర్ తీరాన ఆయన ఉండే ఊళ్లో ఏటా ఆగస్టులో మూడు రోజులు సంగీతోత్సవం. కొత్తగా వచ్చిన పోలీసు ఓర్లా టూహీకి మొదటి రోజే ఆయన పెద్ద తలనొప్పి అయ్యారు. తూలుతున్నవాడి దగ్గరికి ఆమె వెళ్లేసరికి ఆయన అప్పటికే వాణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టి ఉండేవారు. తాగడం నేరం కాదట. తనకో పక్కవాడికో ప్రమాదం తెచ్చేంతగా తాగి జనంలోకి రావడం నేరమట.

రెండో రోజు మధ్యాహ్నం కాహల్ అనే ఫిడేలు కళాకారుడు రేవుగోడ మీద నడుస్తున్నాడు. సాయంత్రం ఆరింటికి జీవితంలో మొదటిసారి పెద్ద వేదిక. ఆ భయానికి పొద్దున్నుంచీ విస్కీ పట్టించాడు. గోడకు అవతల లోతైన నీళ్లు. ఓర్లా పరుగెత్తింది. గోడ కింద మలకీ గారు అప్పటికే ఉన్నారు.

"అబ్బాయ్, చిన్న సందేహం. నువ్వు నడిచే గోడ బహిరంగ స్థలమేనంటావా?"

కాహల్ ఆగి ఆలోచించాడు. "గోడ రేవువాళ్లది కదండీ."

"అక్కడే ఉంది చిక్కు. దిగి కూర్చో, తేలుద్దాం."

దిగాడు. అరెస్టు చేయబోయిన ఓర్లాను ఆయన ప్రశ్నలతో అడ్డుకున్నారు. ప్రమాదమని భయం కలగాలంటే ఎవరికి కలగాలి, ఎంత కలగాలి? ఆమె జవాబు చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. ఆమెకు రోషం వచ్చింది. వాదన తెమిలేసరికి నాలుగు దాటింది. ఈలోగా కాహల్ రెండు గిన్నెల చేపల సూపు తాగి, ఓ కునుకు తీసి లేచి, సెక్షను మొత్తం కంఠతా వచ్చేసింది, ఇక వదిలేయండని బతిమాలుతున్నాడు.

అతను ఫిడేలు పట్టుకుని తిన్నగా నడిచి వెళ్తుంటే ఓర్లాకు అప్పుడు వెలిగింది.

"నిజం చెప్పండి. చట్టమంటే మీకంత ఇష్టమా?"

"వింటే నాకే నిద్రొస్తుందమ్మాయ్. మత్తు దిగడానికి మందు లేదు, పొద్దు గడవాలంతే. పొద్దు గడపాలంటే నాలాంటివాడు ఒకడుండాలి. కోర్టులో నేను రాసిన పేర్లలో సగం మందికి అలాంటివాడు దొరకలేదు."

ఆరింటికి కాహల్ వాయిస్తుంటే రేవంతా చిందులు వేసింది.

ఉత్సవం ముగిశాక సార్జంటు రిజిస్టరు ముందు పెట్టుకుని, పోయినేడు పదకొండు అరెస్టులు, ఈ ఏడు ఒక్కటీ లేదేమని ఓర్లాను అడిగాడు.

"వర్షం సర్. జనం బయటికి రాలేదు."

ఎండకు కమిలిన ఆమె ముక్కు వంక సార్జంటు కాసేపు చూశాడు. తర్వాత కలం తీసి, కారణం గడిలో 'వర్షం' అని రాసుకున్నాడు.